పీహెచ్‌డీయా, ఫెలోషిప్పా, యూకేనా? ఒక నర్సింగ్ టీచర్ ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్, ఎమ్మెస్సీ రెండూ బెంగళూరులోనే చదివాను, స్పెషాలిటీ మెడికల్ సర్జికల్. కొన్నాళ్లు ఐసీయూలో చేశాక ఎనిమిదేళ్లుగా ఇదే ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ఉన్నాను, ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ని. హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్‌లో ఫెలోషిప్ చేయాలని ఉంది. మా ప్రిన్సిపల్ మేడమ్ "అవన్నీ డాక్టర్లకమ్మా, నువ్వు పీహెచ్‌డీ చెయ్" అంటున్నారు. మా ఆయన, అత్తయ్య యూకే వెళ్లమంటున్నారు, నా బ్యాచ్‌లో చాలామంది అక్కడే ఉన్నారు. నాకేమో ఏదీ తేలడం లేదు. ఇంకో విషయం. మొన్న వార్డులో మా సెకండియర్ అమ్మాయి (శ్రీకాకుళం నుంచి వచ్చింది) ఒక అజ్జికి (కన్నడలో అవ్వ) కాలి పుండుకు డ్రెస్సింగ్ చేస్తూ ఏం చేయబోతోందో ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడకు కన్నడ తప్ప ఇంకేమీ రాదు. చెక్‌లిస్టులో "పేషెంటుకు ప్రొసీజర్ వివరించింది" అన్న చోట నేను టిక్కు పెట్టేశాను. అప్పట్నుంచి మనసులో తొలుస్తోంది. నాకు 36. ఆలస్యమైపోయిందా? ముందు ఏం చేయాలి? ప్రిన్సిపల్‌కి ఇప్పుడే చెప్పాలా, సీటు వచ్చాక చెప్పాలా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో పీహెచ్‌డీ, ఫెలోషిప్, యూకే అని మూడు పెద్ద ప్రశ్నలు ముందు పెట్టి, అజ్జి సంగతి "ఇంకో విషయం" అని చివర్లో రాశారు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా మూడింటికీ జవాబు దాంట్లోనే ఉంది. మీరు టిక్కు పెట్టారు, ఇంటికెళ్లాక కూడా అది మిమ్మల్ని వదల్లేదు. ఆ అమ్మాయి నేర్చుకుందని మనం దేన్ని చూసి అంటున్నాం? పేషెంటుకు అర్థమైందా లేదా అన్నది మార్కుల్లోకి ఎందుకు రావడం లేదు? ఇలా అడిగి, ఊరికే బాధపడి వదిలేయకుండా పద్ధతిగా జవాబు వెతకడాన్నే హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్ అంటారు. అంటే మీరు ఆ దారిలో ఇప్పటికే అడుగు పెట్టేశారు, ఇక సర్టిఫికెట్ ఏది, ఎప్పుడు అన్నదే తేలాలి.

ప్రిన్సిపల్ మేడమ్ మీద గౌరవంతోనే చెప్తున్నాను, "అవన్నీ డాక్టర్లకు" అన్న మాట నిజం కాదు. ఈ రంగంలో వాడే పదాలు చాలావరకు మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన మాట వాస్తవమే. ఇప్పుడు మనమందరం పెట్టే ఓస్కీని (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి చెక్‌లిస్టుతో మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షను) 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ మెడికల్ స్టూడెంట్ల కోసమే మొదలుపెట్టారు. 1990లో జార్జ్ మిల్లర్ అనే ఆయన నాలుగు మెట్లు గీశారు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపిస్తుంది, రోజువారీ పనిలో నిజంగా చేస్తుంది. మీ అజ్జి సంగతిని ఈ మెట్ల మీద పెట్టి చూడండి. ఆ అమ్మాయి మీరు పక్కన నిలబడ్డారు కాబట్టి మూడో మెట్టు మీద నిలబడి "చేసి చూపించింది", అదీ మనకు చూపించింది, అజ్జికి కాదు. మీరు లేని రాత్రి డ్యూటీలో అదే అమ్మాయి ఏం చేస్తుందో, ఆ నాలుగో మెట్టు గురించి మన చెక్‌లిస్టుకు ఏమీ తెలియదు. ఇందులో డాక్టరుకు వేరే, నర్సుకు వేరే అని ఏముంది? 2010లో లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ వైద్యం, నర్సింగ్, పబ్లిక్ హెల్త్ చదువులు మూడింటినీ కలిపే చూసింది, విడివిడిగా ఎవరి గోడల మధ్య వాళ్లు చదవడమే ఒక జబ్బు అని తేల్చింది. అదే ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ కూడా వేర్వేరు కోర్సుల పిల్లలు కలిసి నేర్చుకోవాలని ఒక ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది. మన నర్సులేమీ తక్కువ తినలేదు. పట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో, కొత్తగా వచ్చిన నర్సు ఆరితేరిన నర్సు అయ్యేదాకా ఐదు దశలు ఎలా దాటుతుందో నర్సుల అనుభవాలతోనే రాసి చూపించారు. డాక్టర్ల చదువుల మీద రాసేవాళ్లు కూడా ఆవిడ పేరు తలుచుకుంటారు.

ఇంకో మాట, ఇది మీకు బాగా కలిసొచ్చే కాలం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన కొత్త బీఎస్సీ సిలబస్ 2021 నుంచి సెమిస్టర్ పద్ధతిలోకి వచ్చింది, కాంపిటెన్సీలు (చేతికి రావాల్సిన నైపుణ్యాలు) అంది, సిమ్యులేషన్ (బొమ్మల మీద, పేషెంటుగా నటించేవాళ్లతో సాధన) అంది, ఓస్కీ అంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. నేర్పాల్సిన మనలో చాలామందికి మాత్రం ఓస్కీ స్టేషన్ రాయడం ఎవరూ నేర్పలేదు, సిమ్యులేషన్ అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి డీబ్రీఫింగ్ (ఏం జరిగిందో మాట్లాడించడం) చేయడం అంతకన్నా నేర్పలేదు. లక్షలు పోసి కొన్న మానెకిన్లు (మనిషి సైజు బొమ్మలు) ప్లాస్టిక్ కవర్లలో ఉండి ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రమే బయటికొచ్చే ల్యాబులు ఈ ఊళ్లోనే చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోయింది. మెడికల్ కాలేజీల్లో మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ తప్పనిసరి, టీచర్లకు అందులో ట్రైనింగ్ ఉంటుంది. మన నర్సింగ్ కాలేజీల్లో అలాంటిది నిలబెట్టగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ పని తెలిసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ విలువ ఏ మేనేజ్‌మెంటుకైనా త్వరలోనే తెలిసొస్తుంది.

సరే, అజ్జి దగ్గరికి వద్దాం. ఫెలోషిప్ అప్లికేషన్‌లో "మీ ప్రాజెక్టు ఏమిటి" అని అడుగుతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. మీకు ప్రాజెక్టు చేతిలోనే ఉంది. నేనైతే ఇలా చేస్తాను.

డ్రెస్సింగ్‌కి ఒక ఓస్కీ స్టేషన్ రాయండి. మంచం మీద మానెకిన్ వద్దు, మనిషి కావాలి. ట్రైనింగ్ ఇచ్చిన మనిషిని పేషెంటుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టడం 1963లో హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజీ డాక్టరు మొదలుపెట్టారు, ఇప్పుడది ప్రపంచమంతా మామూలు విషయం. మీ కాలేజీ హాస్పిటల్లో ఆయాగా రిటైరైన కన్నడ ఆవిడ ఎవరైనా ఉంటారు, ఆవిడనే అడగండి, ఇచ్చే డబ్బు గౌరవంగా ఇవ్వండి. ఆవిడ పాత్ర: షుగర్ ఉంది, కాలి మీద పుండు, పోయినసారి డ్రెస్సింగ్‌లో బాగా నొప్పి పుట్టింది కాబట్టి భయం, కన్నడ తప్ప రాదు. స్టేషన్ అయ్యాక టీచరు తన చెక్‌లిస్టు నింపుతుంది. అదే సమయంలో "అజ్జి"ని ఇంకొకరు పక్కకు తీసుకెళ్లి మూడే మూడు అడగాలి. ఆ అమ్మాయి నీకేం చేసింది? నొప్పి పుడితే ఏం చేయమంది? కట్టు తడిస్తే ఎవరికి చెప్పాలంది? ఈ మూడింటికి అజ్జి చెప్పిన జవాబులు, టీచరు పెట్టిన టిక్కులు పక్కపక్కన పెట్టండి. ఎంతమంది పిల్లలకు టిక్కు పడి కూడా అజ్జికి ఏమీ అర్థం కాలేదో అప్పుడు తెలుస్తుంది. ఆ తేడా కాగితం మీద కనిపించిన రోజున మీ ప్రిన్సిపల్ మేడమ్ కూడా ఆలోచనలో పడతారు.

తర్వాత నేర్పడం. కన్నడ వ్యాకరణం ఎవరికీ అక్కర్లేదు, వార్డులో బతికే మాటలు కావాలి: నోవాగుత్తా అజ్జీ (నొప్పిగా ఉందా అవ్వా), భయ పడబేడి (భయపడకండి), నోవాదరె హేళి (నొప్పి పుడితే చెప్పండి). వాటితో పాటు "నేను చెప్పింది మీరొకసారి నాకు తిరిగి చెప్పండి" అని పేషెంటుతోనే చెప్పించే పద్ధతి, టీచ్-బ్యాక్ అంటాం కదా, అది. మీరు అనంతపురం మనిషి, కన్నడ మీ చెవికి అలవాటే, అందుకే ఆ రోజు అజ్జి మొహం మీరు చదవగలిగారు. శ్రీకాకుళం నుంచి, మణిపూర్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన పిల్లకు ఆ మొహంలో ఏముందో తెలియదు, వాళ్లకు పరీక్షలో మార్కు కనపడుతుంది, మనం నేర్పింది కూడా అదే. కొన్ని వారాలు నేర్పి మళ్లీ అదే స్టేషన్ పెట్టండి, ఆ తర్వాత ఇంకొన్ని నెలలకు నిజం వార్డులో నిజం పేషెంట్లను అడగండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. "మన పిల్లలే కదా" అని పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ జోలికి పోకుండా స్టడీ చేసేవాళ్లు బోలెడుమంది. అలా చేయకండి. ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నాయి, ఒప్పుకోకపోతే మేడమ్ ఏమనుకుంటుందో అన్న భయంతో పెట్టిన సంతకం సంతకం కాదు. ఒప్పుకోలు పత్రాలు ఆ పిల్లలకు మార్కులు వేయని వేరెవరైనా తీసుకోవాలి, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు లేదో సెమిస్టర్ అయ్యేదాకా మీకు తెలియకూడదు. ఈ జాగ్రత్త మీ ప్రపోజల్‌లో రాసి ఉంటే చూసేవాళ్లకు అర్థమవుతుంది, ఈ అమ్మాయికి పని తెలుసని.

ఇక ఏది ముందు? నా మాట: ఫెలోషిప్ ముందు, పీహెచ్‌డీ తర్వాత, మధ్యలో ఎక్కువ గ్యాప్ లేకుండా. ఫెయిమర్ అనేది ఇలాంటి ఫెలోషిప్‌లు నడిపే, అమెరికాలో ఫిలడెల్ఫియాలోని సంస్థ, మన దేశంలో ముంబై, లూధియానా, కోయంబత్తూరులలో దాని ప్రాంతీయ కేంద్రాలు వచ్చాయి, మీకు దగ్గరది కోయంబత్తూరు పీఎస్‌జీ మెడికల్ కాలేజీలోది. రెండేళ్లు, కొన్ని రోజులు అక్కడికి వెళ్లి కూర్చోవాలి, మిగతాది ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో, మధ్యలో మీ కాలేజీలో మీ ప్రాజెక్టు. డాక్టర్లు, డెంటిస్టులు, ఫిజియోథెరపీ వాళ్లు, నర్సులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర మెడికల్ కాలేజీ ప్రొఫెసరు మీ స్టేషన్ని పట్టుకుని "రెండో రేటర్ (మార్కులు వేసే రెండో మనిషి) ఎక్కడ" అని నిలదీస్తే మొదటిరోజు కొంచెం టెన్షన్ పడతారు, తర్వాత మీరే ఆయన చెక్‌లిస్టులో తప్పులు పట్టుకుంటారు. నర్సు తలొంచుకుని నిలబడాల్సిన అవసరం లేని గది అది, అందుకోసమైనా వెళ్లమంటాను. అది కుదరకపోతే పుదుచ్చేరి జిప్మర్‌లో 1975 నుంచి ఉన్న నేషనల్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ల చిన్న కోర్సుల మీద కన్నేసి ఉంచండి.

పీహెచ్‌డీ ఎందుకు తర్వాత అంటున్నానంటే, నర్సింగ్ థీసిస్‌ల సంగతి మీకు తెలుసు. "ఫలానా దాని గురించి స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం": ముందు ఒక క్వశ్చనీర్, తర్వాత ఒక క్లాసు, వారానికి మళ్లీ అదే క్వశ్చనీర్, స్కోరు పెరిగింది, పీ వాల్యూ సిగ్నిఫికెంట్ (తేడా ఊరికే వచ్చింది కాదని లెక్క), అయిపోయింది. క్లాసు చెప్పి మళ్లీ అవే ప్రశ్నలు అడిగితే స్కోరు పెరగక ఏం చేస్తుంది? పేషెంటుకు ఏం ఒరిగిందన్నది అందులో ఎక్కడా రాదు. ప్రశ్న లేకుండా పీహెచ్‌డీలో చేరితే గైడు ఏది ఇస్తే అది తీసుకోవాలి, ఇంత మంచి కన్ను ఉన్న మీరు నాలుగైదేళ్లు ఆ మూసలో పడిపోతే నాకు బాధగా ఉంటుంది. ఫెలోషిప్‌లో అజ్జి ప్రాజెక్టు చేసి దాన్ని ఒక పేపరుగా రాశారనుకోండి, అప్పుడు గైడు దగ్గరికి మీ ప్రశ్నతో మీరు వెళ్తారు. పీహెచ్‌డీకి బెంగళూరును మించిన చోటు వెతుక్కోనక్కర్లేదు కూడా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పీహెచ్‌డీ కోసం పెట్టిన నేషనల్ కన్సార్టియం (సంస్థల కూటమి) మన రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీతో కలిసి నడిచిందే. సైకియాట్రిక్ నర్సింగ్ వాళ్లకైతే నిమ్హాన్స్ ఉంది. పీహెచ్‌డీ వద్దని మాత్రం అనడం లేదు. ప్రొఫెసర్, ప్రిన్సిపల్ పోస్టులకు కౌన్సిల్ నిబంధనల్లో దాన్ని "ఉంటే మంచిది" అనే రాశారు, కానీ 2023 చట్టంతో కౌన్సిల్ స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ వస్తోంది, నిబంధనలు ఇంకా బిగుసుకుంటాయే తప్ప సడలవని నా అంచనా. నలభై ఐదు దాటేలోపు చేతిలో ఉండాల్సిందే.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఈ సబ్జెక్టులోనే చేసే మాస్టర్స్ లాంటివి గొప్పవే, ఫీజు చూస్తే ఇల్లు తాకట్టు పెట్టాలి. ఇప్పుడు వద్దు.

యూకే సంగతి. మీ ఆయన్నీ అత్తయ్యనీ తప్పుపట్టను, ప్రైవేటు నర్సింగ్ కాలేజీల్లో జీతాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఇంట్లో లెక్కలు వేసుకునేవాళ్లు ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. ఇంటికి అప్పుంటే, పిల్లల చదువులకు డబ్బు తప్పనిసరైతే, వెళ్లండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ తెలిసి వెళ్లండి: అక్కడికి బెడ్‌సైడ్ నర్సుగా వెళ్తారు, టీచరుగా కాదు, మీ ఎనిమిదేళ్ల టీచింగ్ అక్కడ మొదట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంగ్లీషు పరీక్ష, తర్వాత కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, ఆ తర్వాత అక్కడికెళ్లి ఓస్కీ, ఇవి దాటితేనే రిజిస్ట్రేషన్. అదే ఓస్కీ, మీరు ఇక్కడ ల్యాబులో పిల్లలతో చేయించేదే. ఓస్కీ బాగా తెలిసిన టీచరు చేతికింద చదివిన పిల్లలు ఆ పరీక్షకు భయపడరు, ఈ ముక్క మీ మేనేజ్‌మెంటుకు కూడా చెప్పండి, వాళ్లకు వెంటనే అర్థమయ్యే భాష ఇది. మీ ఉత్తరంలో డబ్బు ఇబ్బంది ఉందని ఎక్కడా రాయలేదు. అందుకే ఉండమంటున్నాను.

ఉండేట్టయితే ఒక్క షరతు, వార్డును వదలకండి. ప్రమోషన్ వచ్చేకొద్దీ టైమ్‌టేబుల్, అఫిలియేషన్ ఫైళ్లు, హాస్టల్ పంచాయితీలు మీద పడతాయి, చూస్తుండగానే క్లినికల్ పోస్టింగ్ మొత్తం ట్యూటర్ల మీద వదిలేసే ప్రొఫెసర్ అయిపోతారు. వారానికి ఒక పూట అయినా పిల్లలతో పాటు బెడ్ దగ్గర నిలబడండి, చేతులు కడుక్కుని మీరు డ్రెస్సింగ్ చేసి చూపించండి. అజ్జి సంగతి మీకు స్టాఫ్‌రూములో కూర్చుంటే తెలిసేది కాదు కదా.

కొన్ని జాగ్రత్తలు గబగబా చెప్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంటే ఏదో వంకన ఇప్పుడే వెనక్కి తెచ్చుకోండి, కాపీలు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో కాలేజీవాళ్లు ఇన్‌స్పెక్షన్ రోజు కనబడితే చాలు, డబ్బిస్తాం అంటే ఒప్పుకోవద్దు, రిజిస్ట్రేషన్ పోయే పని, పైగా అక్కడ టీచరు లేక నష్టపోయేది మనలాంటి ఇళ్ల పిల్లలే. డబ్బు కట్టండి వారంలో పేపరు వేస్తాం అని మెయిల్ పెట్టే జర్నళ్లకు మీ అజ్జి పేపరు ఇవ్వకండి, దానికి అంతకన్నా మంచి చోటు దొరుకుతుంది. వెల్లూరు సీఎంసీ నుంచి నర్సింగ్ విద్య మీద ఒక జర్నల్ వస్తుంది, మొదటి పేపరుకు అక్కడ ప్రయత్నించండి.

36కి ఆలస్యమా అన్నారు. ఐసీయూ చూసి, ఎనిమిదేళ్లు పాఠం చెప్పినవాళ్లకే ఇలాంటి ప్రశ్న పుడుతుంది, ఇరవై ఆరులో మీకు ఆ టిక్కు కనిపించేది కాదు. మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "నన్ను చదువుకోనివ్వండి" అని అడగొద్దు, లెక్క చూపించండి: ఫీజు ఇంత, కోయంబత్తూరు ప్రయాణాలు ఇన్ని, ఆ రోజుల్లో పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, ఎప్పటికి అసోసియేట్ ప్రొఫెసర్. అత్తయ్యగారికి అజ్జి కథ చెప్పండి, ఆవిడకూ ఏదో ఒక ఆసుపత్రిలో భాష తెలియని నర్సు ఎదురయ్యే ఉంటుంది.

ప్రిన్సిపల్ మేడమ్‌కి మాత్రం సీటు వచ్చాక కాదు, ఇప్పుడే చెప్పండి. అప్లికేషన్‌కు సంస్థ నుంచి ఒప్పుకోలు లేఖ కావాలి, చివరి నిమిషంలో వెళ్తే ఆవిడ కాదనడానికి సులువైన కారణం మీరే ఇచ్చినట్టవుతుంది. "మేడమ్, ఫెలోషిప్ చేస్తాను" అని మొదలుపెట్టకండి. రెండు పేజీల్లో ప్రాజెక్టు రాసుకుని వెళ్లి, వచ్చే సెమిస్టర్ ఇంటర్నల్స్‌లో ఒక్క స్టేషన్ ఇలా పెట్టి చూస్తాను, పర్మిషన్ ఇవ్వండి అనండి, వీలైతే ఆ రోజు ఆవిడనే రెండో రేటర్‌గా కూర్చోబెట్టండి. ఫలితాలు ఆవిడ కళ్లతో చూశాక లేఖ అడగండి. అప్పుడు ఇవ్వకపోతే నాకు మళ్లీ రాయండి, ఇంకో దారి చూద్దాం.